ఆయన చేతిలో ఆమె పేరు

నేను ఒక గాజు గొట్టాన్ని. బియ్యపు గింజకంటె కాస్త పొడుగు, అంతే. 2019 ఆగస్టు పద్నాలుగో తేదీ, బుధవారం ఉదయం ఒక మనిషి ఎడమ చేతిలోకి దిగాను. ఆ ఉదయం ఆయనా ఆయన భార్యా తిన్నది మినపరొట్టె. పరగడుపున సూది వేయించుకోకూడదని ఎవరో చెబితే ఆవిడ తెల్లవారకముందే లేచి రొట్టె కాల్చి, అల్లం పచ్చడితో డబ్బాలో పెట్టి తెచ్చింది. ఫ్యాక్టరీ వరండాలో బెంచీ మీద కూర్చుని తిన్నారు. నేను కిటికీకి ఇవతల, స్టీలు పళ్లెంలో, సూదిలో పడుకుని వింటున్నాను.

“ఆ మాడిన అంచు మీరు తినండి. నాకు పళ్లు లాగుతున్నాయి.”

“నిన్న సెరుకు ముక్క కొరికినప్పుడు లాగలేదేం?”

“ఇయ్యాల లాగుతున్నాయి. తినండి.”

ఆ కరకరలాడే అంచంటే ఆయనకు ప్రాణమని నాకు తర్వాత తెలిసింది.

నాలో పదిహేను అంకెలున్నాయి. వాటికి ఎదురుగా ఫ్యాక్టరీ కంప్యూటరులో ఒక పేరుంది. నేను ఉన్నది ఆయన చేతిలో. ఆ పేరు మాత్రం ఆమెది. ఒక పొరపాటు వల్ల అలా జరిగింది. ఆమె పోయాక ఆ పేరును ఉంచుకోవాలా, వదులుకోవాలా అన్నది ఆయనే తేల్చుకోవలసి వచ్చింది. నా బతుకులో చెప్పుకోదగ్గ సంగతి అదొక్కటే.

నేను పుట్టిన దేశం పేరు నాకు తెలియదు. సన్నటి రాగి తీగను చుట్టచుట్టి, దానికి ఇసుక రేణువంత మెదడు అతికించి, గాజులో పెట్టి రెండు వైపులా మూతి కరిగించి మూసేశారు. మావంటివాళ్లను మొదట పశువులకూ పెంపుడు కుక్కలకూ వేసేవారట, తప్పిపోతే ఎవరివో తెలియడానికి. తర్వాత మనుషులకు వేయడం మొదలుపెట్టారు. మనుషులు ఎక్కడ తప్పిపోతారని భయపడ్డారో నాకు అర్థం కాలేదు. నాకు బ్యాటరీ లేదు. నా అంతట నేను ఏ మాటా మాట్లాడను. చదివే పెట్టె ఒకటి నా దగ్గరకు వచ్చి అడిగితే, దాని శక్తిలోంచే చిటికెడు తీసుకుని పదిహేను అంకెలూ చెప్పేస్తాను. అడిగినవాడు దొరా, దొంగా అని చూడను. ఆ వివేకం నాకు పెట్టలేదు. పెడితే ఖరీదు పెరుగుతుందట.

మమ్మల్ని కొన్నది కాకినాడకు ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న ఒక రొయ్యల ఫ్యాక్టరీ. అక్కడ పీలింగ్ హాల్లో ఆడవాళ్లు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తారు, పొట్టు ఒలుస్తారు. నాలుగేళ్లు ఆ పని చేస్తే వేళ్ల మీద గీతలు ఉండవు. కోల్డ్ స్టోరేజీలో పనిచేసే మగవాళ్ల వేళ్లు చలికి పగిలి అలాగే అవుతాయి. హాజరు వేసే వేలిముద్రల మిషను వాళ్లను చూసి ప్రతి ఉదయం “మళ్లీ ప్రయత్నించండి” అనేది. ఇరవై ఏళ్లుగా ఒలుస్తున్న చేతినే ఆ మిషను ఎవరిదో అన్నట్టు చూసేది. మెడలో కార్డు వేసుకుందామంటే, అది తెగి రొయ్యల్లో పడితే సరుకంతా వెనక్కి వస్తుందని కంపెనీ భయం. అందుకని యాభైమందికి మమ్మల్ని వేయాలని నిర్ణయించారు. అంతా ఇష్టపూర్వకమే. ఇష్టం లేనివాళ్లు రెండో గేటు దగ్గర గంటసేపు లైనులో నిలబడి సంతకం పెట్టుకోవచ్చు.

ఆయన పేరు పినపోతు లోవరాజు. వయసు యాభై నాలుగు. కోల్డ్ స్టోరేజీలో ట్రేలు పేర్చే పని. ఆమె పేరు వరహాలమ్మ. పీలింగ్ హాల్లో మూడో బల్ల. పిల్లలు లేరు. ఒకే సైకిలు మీద వచ్చేవారు, ఒకే సైకిలు మీద వెళ్లేవారు.

ఇక ఆ పొరపాటు సంగతి. జాబితాలో ముందు ఆయన పేరు, వెనక ఆమె పేరు ఉన్నాయి. కాని సూదిని చూడగానే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

“నువ్వు ముందెల్లు.”

“మగోరండీ మీరు.”

“అందుకే గదా సెప్తున్నాను, ముందెల్లమని.”

ఆమె నవ్వుతూ వచ్చి కూర్చుంది. పళ్లెంలో నా పక్కనున్నవాడు, నాతోపాటే కరిగి మూతపడినవాడు, ఆమె చేతిలోకి దిగాడు. హాజరు లెక్కలు చూసే టైం ఆఫీసు గుమాస్తా ఎస్తేరుగారు చదివే పెట్టెను ఆమె చేతి మీద పెట్టింది. సరిగ్గా అప్పుడు కంప్యూటరు బిగుసుకుపోయింది.

కంప్యూటరు గురించి ఇక్కడ కొంత చెప్పాలి. దానికీ నాకూ చుట్టరికం ఉందంటారు గానీ, మా స్వభావాలు వేరు. నాకు తెలిసింది ఒక్క మాట. పుట్టినప్పుడు ఏది తెలుసో, ఇప్పుడూ అదే. అది అలా కాదు. ప్రతి నెలా ఏదో ఒకటి మార్చుకుంటుంది, మార్చుకున్నందుకు ముందున్నది మరిచిపోతుంది. మూడు వందలమంది గేటు దగ్గర నిలబడి ఉండగా “మీకోసం కొత్త మార్పులు సిద్ధం చేస్తున్నాం, ఆపవద్దు” అని తెర మీద రాసి, చుక్కలను గుండ్రంగా తిప్పుకుంటూ కూర్చుంటుంది. ఎస్తేరుగారు ఏదైనా దిద్దబోతే, ఆ పని చేయడానికి మీకు అనుమతి లేదంటుంది. ఆ గదికి తాళం చెవి ఆవిడ దగ్గర ఉంది, బల్ల ఆవిడది, పద్నాలుగేళ్ల ఉద్యోగం ఆవిడది, అనుమతి మాత్రం లేదు. “నిన్ను కట్టుకున్నవాడు ఎలా ఏగుతున్నాడే!” అని ఆవిడ దాన్ని తిట్టేది. మళ్లీ సాయంత్రం దాని మీద దుమ్ము ఆవిడే తుడిచేది.

ఆ రోజు ఇరవై నిమిషాలు చుక్కలు తిరిగాయి. సూది వేయడానికి వచ్చిన ప్రైవేటు డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు. తిరిగి తిరిగి తెర తేరుకుంది. ఫొటో రావలసిన చోట బూడిద రంగు చతురస్రం ఒకటి, దాని కింద పినపోతు లోవరాజు అన్న పేరు. మనిషే తన పేరు చదివి పైకి చెప్పాలి, అప్పుడు మీట నొక్కాలి. అదీ నియమం. ఎస్తేరుగారు వెనక వరసను అదుపు చేస్తూ, తెరను ఆమెవైపు తిప్పింది.

“పిన్నీ, పేరు సదివి సెప్పు. సరిగ్గా పడిందా?”

వరహాలమ్మ చదివింది. అది భర్త పేరు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె ఆ పేరును నోటితో పలకలేదు. రేషను కార్డువాడు అడిగినా, ఆసుపత్రిలో అడిగినా పక్కనున్నవాళ్లచేత చెప్పించేది, లేకపోతే కాగితం చూపించేది. ఆడమనిషిని ఏ ఆఫీసైనా మొదట భర్త పేరే అడుగుతుంది గనక, ఇక్కడా అదే అడుగుతున్నారనుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “అదేనండి. బాగానే పడింది” అంది.

ఎస్తేరుగారు మీట నొక్కింది.

తర్వాత నేను. లోవరాజు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెర మీద వరహాలమ్మ పేరుంది. “అదేనా బాబాయ్?” అని ఎస్తేరుగారు అడిగింది. ఆయన కళ్లు తెరవకుండానే “ఆయ్, అదే, అదే. కానీండి” అన్నాడు. చర్మం తెగింది. వెచ్చగా ఉంది. అంతవరకు నేను ఎప్పుడూ వెచ్చగా లేను.

మర్నాడు గేటు దగ్గర సంగతి తెలిసింది. చదువు రానివాళ్ల కోసం అక్కడి చదివే పెట్టెకు గొంతు పెట్టారు. ఆమె చెయ్యి చూపగానే అది “పినపోతు లోవరాజు, వచ్చారు” అంది. ఆయన చెయ్యి చూపగానే “పినపోతు వరహాలమ్మ, వచ్చారు” అంది. లైనంతా గొల్లున నవ్వింది. మూడో బల్ల మీదే పనిచేసే గంగారత్నం, “బావా, సీర కట్టుకుని రాపోయావా!” అని కేకేసింది.

వరహాలమ్మ మాత్రం ఆ రోజంతా తనలో తాను నవ్వుకుందని సాయంత్రం సైకిలు మీద తెలిసింది. వెనక కూర్చుని అంది. “బాగుందండీ. నేను అనలేని పేరు నా సెయ్యి అంటంది.”

“నా సెయ్యి నిన్ను పిలుస్తుందే. పొద్దున్నొకసారి, సాయంత్రం ఒకసారి.”

“మీరు ఎటూ పిలవరు. ‘ఏమేయ్’ తప్ప.”

ఎస్తేరుగారు దిద్దడానికి నిజంగానే ప్రయత్నించింది. అనుమతి లేదంది కంప్యూటరు. మమ్మల్ని అమ్మిన కంపెనీకి ఫోను చేసింది. ఫిర్యాదు నంబరు ఇచ్చారు, మూడు పనిదినాలు ఆగమన్నారు. మూడు వారాలకు ఒక టెక్నీషియను వచ్చి దిద్దాడు. అదే రాత్రి కంప్యూటరు కొత్త మార్పులు చేసుకుని, అతను దిద్దినదాన్ని పాతదానిగా మార్చేసింది. ఎస్తేరుగారు లోవరాజును కిటికీ దగ్గరకు పిలిచింది.

“బాబాయ్, మీరిద్దరూ కలిసే వస్తారు, కలిసే ఎల్తారు కదా?”

“ఆయ్.”

“సెలవు పెట్టినా ఇద్దరూ పెడతారు.”

“మరేనండి.”

“అయితే వదిలేద్దాం. ఎవరి పేరు ఎవరి మీద పడితే ఏటి?”

ఆ మాట ఆవిడ మంచితనంతోనే అంది. మనుషులు మంచితనంతో వదిలేసినవి కూడా ఎక్కడో ఒకచోట వేచి ఉంటాయని అప్పుడు నాకు తెలియదు.

తర్వాతి రెండేళ్లు నాకు సుఖమైన రోజులు. మొదటి నెల ఆయన చెయ్యి వాచింది. ఆమె రాత్రిపూట ఉప్పు కాపడం పెట్టేది. నేను కూడా ఉన్నచోట ఉండకుండా వేలివైపు కొంచెం జరిగాను. చలిగదిలో నేను ఆయన చర్మం కింద బిగుసుకుపోయేవాడిని. బయటికి రాగానే ఆయన చెయ్యి ఆమె రెండు అరచేతుల మధ్య పెట్టేవాడు. ఆమె చేతులూ ఐసులోంచి వచ్చినవే, వాటిలో వెచ్చదనం ఏమీ ఉండదు. అయినా పెట్టేవాడు. అప్పుడు నా తోబుట్టువూ నేనూ అంగుళం దూరంలో ఉండేవాళ్లం. మేము ఒకరితో ఒకరు మాట్లాడుకోలేం. మమ్మల్ని మూడోవాడు అడగాలి.

రెండో ఏడు చలికాలంలో మమ్మల్ని అమ్మిన కంపెనీ మూతపడింది. ఫోను చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని వచ్చేది. మనిషి చేతిలో వస్తువు పెట్టినవాళ్లు ఆ మనిషికంటె ముందే పోతారని ఎవరూ అనుకోలేదు. చెప్పులు అరిగితే మార్చుకోవచ్చు, కార్డు పోతే కొత్తది తీసుకోవచ్చు. మమ్మల్ని ఏం చేయాలో కాగితాల్లో ఎక్కడా రాయలేదు. మమ్మల్ని చదివే ప్రోగ్రాము ఆ పాత కంప్యూటరులో తప్ప ఇంకెక్కడా నడవదు. అందుకని ఎస్తేరుగారు దానిని పసిపిల్లలా చూసుకునేది. మార్పులు చేసుకుంటానంటే “రేపు” అనే మీట నొక్కేది. ప్రతి సాయంత్రం రేపు, రేపు.

2021 నవంబరులో వరహాలమ్మ చేతిలోంచి రొయ్యలు జారిపోవడం మొదలైంది. కుడిచెయ్యి తిమ్మిరి. తలనొప్పి. ఆమె ఎవరికీ చెప్పలేదు, గంగారత్నం వచ్చి లోవరాజుకు చెప్పింది. కాకినాడ తీసుకెళ్లాడు. డాక్టరు తలకు స్కాను రాశాడు, పెద్ద అయస్కాంతం ఉండే మిషనులో తీసేది. స్కాను గది దగ్గర కాగితం నింపేవాడు, ఒంట్లో ఎక్కడైనా లోహం ఉందా అని అడిగాడు. లోవరాజు అబద్ధం చెప్పలేని మనిషి. ఆమె చెయ్యి చూపించాడు.

“చేతిలో చిప్పా? కుక్కలకు వేసేదా?”

“ఫ్యాక్టరీవోళ్లు ఏశారండి.”

“ఇది మిషనులో పెట్టినా ప్రమాదం లేదని వాళ్ల దగ్గర కాగితం తెండి. లేకపోతే మేం లోపలికి పంపలేం.”

ఆయన బస్సెక్కి ఫ్యాక్టరీకి వచ్చాడు. ఆ కాగితం కంప్యూటరులో ఉంది. ఆ ఉదయమే ఎస్తేరుగారు లేని అరగంటలో ఎవరో కరెంటు పోయి వచ్చాక దానిని వేశారు. అది అదను చూసుకుని ఇన్నాళ్లూ వాయిదా పడ్డ మార్పులన్నీ మొదలుపెట్టింది. తెర మీద పన్నెండు శాతం అని ఉంది. మధ్యాహ్నానికి ముప్పై ఒకటి. లోవరాజు కిటికీ బయట నిలబడి ఆ అంకెను చూస్తూనే ఉన్నాడు. ఎస్తేరుగారు భోజనానికి వెళ్లలేదు. సాయంత్రం ఆరింటికి ఎనభై ఏడు దగ్గర ఆగి, జరగలేదని చెప్పి, మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టింది. ఆవిడ ఏడ్చింది. “బాబాయ్, నేనే రాసి సంతకం పెడతాను, తీసుకెల్లు” అంది. చేత్తో రాసిన కాగితం మర్నాడు ఆసుపత్రివాళ్లు ఒప్పుకోలేదు. మూడో రోజు కంప్యూటరు తేరుకుంది, కాగితం వచ్చింది, స్కాను తీశారు.

తలలో గడ్డ ఉంది. చాలా పెద్దది.

“రెండు రోజులు ఆలస్యమైందండి. కాగితం రాక” అన్నాడు లోవరాజు.

డాక్టరు ఫిలింను కాసేపు చూశాడు. “రెండు రోజుల్లో తేడా ఏమీ రాదు. రెండు నెలల ముందు వచ్చినా ఇంతే” అన్నాడు. అది నిజమో, ఆ మనిషి మీద జాలో నాకు తెలియదు. ఆ తర్వాత లోవరాజు నిద్రపట్టని వేళల్లో ఆ వాక్యాన్నే నోట్లో అనుకునేవాడు. అందుకని ఆ డాక్టరును తలుచుకుంటే నాకు గౌరవం.

డిసెంబరు తొమ్మిదిన ఆమె పోయింది. ఆఖరి రోజుల్లో మాట పడిపోయింది. ఆయన ఎడమ చేతిని తన ఎడమ చేత్తో పట్టుకుని ఉండేది. చల్లబడినప్పుడు మొదట తెలిసింది నాకే.

నా తోబుట్టువును ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. గాజులు తీశారు, పుస్తెలు తీశారు, చేతిలో ఉన్న గాజుగింజ సంగతి ఎవరికి తోస్తుంది? వాడు ఆమెతోనే సముద్రం ఒడ్డున కాలిపోయాడు. కంప్యూటరు లెక్కప్రకారం ఆ వేళ కాలింది పినపోతు లోవరాజు.

పెద్దకర్మ అయిన మూడో నాడు ఆయన పనికి వచ్చాడు. గేటు దగ్గర లైనులో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక చెయ్యి చూపడం మరిచిపోయినట్టు నిలబడిపోయాడు. నాకు భయమేసింది. నేను చెప్పగలిగినవి ఆ పదిహేను అంకెలే. ఆయన చెయ్యి ఎత్తాడు.

“పినపోతు వరహాలమ్మ, వచ్చారు.”

లైనులో ఎవరూ కదల్లేదు. పొట్టు తీసుకెళ్లే ట్రాలీ కూడా ఆగింది. ఆయన తల వంచుకుని అలాగే ఉన్నాడు. వెనకనుంచి గంగారత్నం గొంతు వచ్చింది.

“నడు బావా. మా అక్క ముందెల్తంది గదా, ఆ ఎనకాలే మేవూ వస్తాం.”

ఆ రోజు నుంచి ఎవరూ నవ్వలేదు. ఆయన చెయ్యి చూపేటప్పుడు పీలింగ్ హాలు ఆడవాళ్లు మాట ఆపేవారు. గేటు ఆ పేరు పలికాక మళ్లీ మొదలుపెట్టేవారు. ఎవరూ చెప్పుకుని చేసింది కాదు.

ఎస్తేరుగారి చిక్కు వేరే. వరహాలమ్మ పోయిందని కాగితాలన్నీ హెడ్డాఫీసుకు పంపింది. కంప్యూటరులో ఆమె పేరు కొట్టేస్తే మాత్రం లోవరాజుకు గేటు తెరుచుకోదు, కోల్డ్ స్టోరేజీ తెరుచుకోదు. పేర్లు అటుదిటు చేయడానికి అనుమతి లేదు, అనుమతి ఇచ్చే కంపెనీ లేదు. ఆవిడ ఒక పొడుగు పుస్తకం కొని, రోజూ ఆయన హాజరును పెన్సిలుతో రాసుకుంది. కంప్యూటరును ఉన్నదున్నట్టు వదిలేసింది. ఒకసారి ఆయన కిటికీ దగ్గర ఆగాడు.

“అమ్మా, ఆ పేరు... ఉంటాదా అండి?”

“నేనున్నంతకాలం ఉంటాది బాబాయ్.”

అలా నెలలు గడిచాయి. ఇంటి దగ్గర ఆయన మాట్లాడటం తగ్గిపోయింది. రోజులో ఆయన వినాలనుకునే మాటలు రెండే, ఉదయం వచ్చారు, సాయంత్రం వెళ్లారు. ఆదివారాలు ఆయనకు కష్టంగా ఉండేవి. ఒక ఆదివారం గేటు దాకా సైకిలు మీద వచ్చి, మూసి ఉన్న ఇనుప తలుపును చూసి వెనక్కి వెళ్లాడు. ఆయన చెయ్యి గుప్పిట పట్టినప్పుడు నేను నొక్కుకునేవాడిని. నాలో ఆమె లేదని చెప్పడానికి నాకు మాటలు లేవు.

సెప్టెంబరులో హెడ్డాఫీసు నుంచి నరసింహవర్మగారు అనే మేనేజరు వచ్చాడు. కొత్త కంప్యూటర్లు, మమ్మల్నీ చదవగల కొత్త ప్రోగ్రాము వస్తున్నాయి. పాతవన్నీ అందులోకి ఎక్కించాలి, ఎక్కించేముందు ప్రతి పేరూ సరిచూడాలి. రెండో రోజు ఆయన ఎస్తేరుగారిని పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు.

“ఏంటండీ ఇది? డిసెంబరులో చనిపోయినావిడ రెండు వందల పదకొండు రోజులు డ్యూటీకి వచ్చింది. ఒక్క రోజు ఆలస్యం లేదు, ఒక్క సెలవు లేదు. మన దగ్గర బతికున్నవాళ్లు కూడా ఇలా రావట్లేదు.”

ఎస్తేరుగారు నవ్వలేదు. మొదటినుంచీ చెప్పింది. వర్మగారు విన్నంతసేపూ చేతిలోని పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉన్నాడు. లోవరాజును పిలిపించారు. ఆయన రబ్బరు బూట్లు బయట విడిచి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“కూర్చోవయ్యా. తప్పు నీది కాదు. రేపటినుంచి కొత్త ప్రోగ్రాములో నీ చేతి నంబరుకు నీ పేరు పడుతుంది.”

“గేటు కూడా నా పేరే అంటాదాండి?”

“అవును.”

“ఆవిడ పేరు అనదాండి ఇంక?”

వర్మగారు ఎస్తేరుగారివైపు చూశాడు. ఆవిడ అంది. “సార్, నంబరు లోపల ఆయన పేరే పెడదాం. గేటు పలికే మాట వేరే రాసుకోవచ్చంట కొత్తదాంట్లో. ఆ ఒక్క మాట పాతదే ఉంచేస్తాను. హెడ్డాఫీసుకు తెలీదు. బాబాయ్ రిటైరయ్యేదాకా.”

వర్మగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, “నేను వినలేదు” అన్నాడు. ఆయన మంచివాడే.

ఇప్పుడు ఇక అంతా లోవరాజు చేతిలోనే ఉంది. ఊఁ అంటే చాలు, ఆ పేరు రిటైరయ్యేదాకా ఆయనది. నేను ఆయన నాడి వింటున్నాను. వేగంగా కొట్టుకుంటోంది. బల్ల మీద ఉన్న కాగితాన్ని ఆయన తనవైపు తిప్పుకున్నాడు. తారీఖులు కూడబలుక్కుంటూ వేలు పెట్టి కిందికి జరిపాడు. జనవరి, ఫిబ్రవరి, మార్చి. ప్రతి తారీఖు ఎదుటా ఆమె పేరు, ఉదయం ఏడున్నర, సాయంత్రం ఆరు.

“ఉగాది నాడు కూడా ఆవిడ పేరు ఏసిందండీ” అన్నాడు.

“ఆ రోజు నువ్వు వచ్చావు బాబాయ్. కంటైనరు వెళ్లాలని.”

“ఆయ్. నేనే వచ్చాను.” వేలు అక్కడే ఉంది. “బతికున్నప్పుడు ఒక్క ఉగాదికీ ఆవిణ్ణి పనికి రానివ్వలేదండి నేను. ఆ ఒక్క పండక్కీ ఇంటికాడే ఉండమనీవోణ్ణి. సచ్చిపోయాక తీసుకొచ్చేశాను.”

ఆయన కాగితం మీంచి వేలు తీశాడు.

“ఇరవై రెండేళ్లు ఐసులో సేతులెట్టిందండి ఆవిడ. రాత్రుళ్లు వేళ్లు మంటలని నిద్దరోయేది కాదు. ఇంకా రోజూ పొద్దున్నే ఏడున్నరకి నేను డ్యూటీకి లాక్కొస్తన్నాను. నాకోసం.” కాగితాన్ని మళ్లీ వర్మగారివైపు తిప్పి, అంచులు సరిచేసి పెట్టాడు. “వద్దండి. ఇంక ఆవిణ్ణి డ్యూటీ దింపెయ్యండి.”

ఆ సాయంత్రం పాత కంప్యూటరుకు ఆఖరు. ఆరు గంటలకు లైను కదిలింది. గంగారత్నం బృందం తమ వంతు అయిపోయినా గేటు అవతల ఆగి నిలబడ్డారు. లోవరాజు అందరికంటె వెనక వచ్చాడు. చెయ్యి ఎత్తాడు.

“పినపోతు వరహాలమ్మ, వెళ్లారు.”

ఆయన చెయ్యి కొంచెంసేపు అక్కడే ఉంచాడు. పెట్టె మళ్లీ మాట్లాడలేదు. ఒకసారి వెళ్లినవాళ్లను రెండోసారి పంపదు.

తర్వాత టైం ఆఫీసు కిటికీ దగ్గరకు వచ్చాడు. ఎస్తేరుగారు ఆమె పేరు తెరిచి ఉంచింది. పేరు తీయడానికి కారణం అడుగుతోంది కంప్యూటరు. రాజీనామా, తొలగింపు, బదిలీ, మరణం, పదవీ విరమణ. ఆవిడ బాణం గుర్తును మరణం దాటించి కిందికి తెచ్చింది.

“పదవీ విరమణ అని పెడుతున్నాను బాబాయ్.”

“ఆయ్. అలాగే పెట్టండమ్మా.”

మీరు నిశ్చయించుకున్నారా అని కంప్యూటరు అడిగింది. ఎస్తేరుగారు ఆయన ముఖం చూసింది. ఆయన తల ఊపాడు. ఆవిడ నొక్కింది. మూడేళ్లలో చుక్కలు తిప్పకుండా, వేచి ఉండమనకుండా, అనుమతి అడగకుండా ఆ కంప్యూటరు వెంటనే చేసిన పని అదొక్కటే. అది ఎప్పటిలా కాస్త ఆలస్యం చేసి ఉంటే బాగుండునని ఆ గదిలో ఉన్న ఇద్దరూ అనుకున్నారని నా నమ్మకం.

రేపు ఉదయం నా అంకెల ఎదుట ఆయన పేరు రాస్తారు. ఈ రాత్రికి మాత్రం అక్కడ ఎవరి పేరూ లేదు. పుట్టినప్పటిలా ఉన్నాను, ఒక్క వెచ్చదనం తప్ప.

ఆయన సైకిలు స్టాండు తీసి, నడిపించుకుంటూ వెళ్తున్నాడు. ఎస్తేరుగారు తెర ఆర్పి, దాని మీద గుడ్డ కప్పి, సంచీ భుజానికి తగిలించుకుంది. ఆయన వీపు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి మూసింది.